తాజా కనగర్తలో లేని హిస్టమీన్: లేజర్ ఫ్లోరెసెన్స్ డిటెక్టరు మీద ఒక కేస్ స్టడీ

గోదావరి డెల్టా శివారున, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక చేపల పరీక్షశాలలో వచ్చిన సమస్య ఇది. ఏప్రిల్ చివరి నుంచి కనగర్తల శాంపిళ్ళలో హిస్టమీన్ (చేప పాడైతే కండలో తయారయ్యే హానికర పదార్థం) అంకె పెరుగుతూ వచ్చింది. తెల్లవారుజామున రేవులో దిగి, నేరుగా ఐసులో వచ్చిన సరుకది. మొప్పలు ఎర్రగా ఉన్నాయి, వేలితో నొక్కితే కండ వెంటనే పైకి లేస్తోంది. అలాంటి చేపలో కిలోకు 100 మిల్లీగ్రాములకు పైగా హిస్టమీన్ ఉందని క్యాపిలరీ ఎలక్ట్రోఫొరెసిస్ (వెంట్రుకంత గాజు గొట్టంలో విద్యుత్తుతో పదార్థాలను విడదీసే పద్ధతి) చెబుతోంది. అదే కండను వేరేచోట హెచ్‌పీఎల్‌సీ (ద్రవాన్ని ఒత్తిడితో పంపి పదార్థాలను విడదీసే మరో పద్ధతి) మీద చూపిస్తే 10 కూడా రాలేదు.

ఈ 100 అనే అంకె మీద సరుకు భవితవ్యం ఆధారపడి ఉంటుంది. యూరప్ నిబంధన ప్రకారం ఒక లాటు నుంచి 9 శాంపిళ్ళు తీయాలి. వాటి సగటు 100 దాటకూడదు. 100కీ 200కీ మధ్య రెండింటికి మించి ఉండకూడదు, 200 దాటినది ఒక్కటీ ఉండకూడదు. చేప చచ్చాక చల్లదనం తప్పితే, కండలోని హిస్టిడిన్‌ను బాక్టీరియా హిస్టమీన్‌గా మారుస్తుంది. వండినా అది పోదు. అందుకే ట్యూనా, కనగర్త వంటి చేపలకు ఈ పరీక్ష తప్పదు. రొయ్యకు ఈ బెడద తక్కువ. ఈ పరీక్షశాలలో క్యాపిలరీ పద్ధతిని సర్టిఫికెట్టు కోసం కాక, సరుకు లోపలికి రాగానే వడపోయడానికి వాడుతున్నారు. అయినా తప్పుడు అంకె వస్తే పడవవాడి కష్టం ఐసుగడ్డతోపాటే కరిగిపోతుంది.

పద్ధతి, ఏర్పాటు

కండ 5 గ్రాములు, 5 శాతం ట్రైక్లోరోఎసిటిక్ ఆసిడ్ కలిపి 50 మిల్లీలీటర్లకు చేసి, మెత్తగా కొట్టి, సెంట్రిఫ్యూజ్ చేసి, 0.22 మైక్రాన్ ఫిల్టరులో వడకడతారు. కిలోకు 100 మిల్లీగ్రాములున్న చేపయితే ఈ ద్రవంలో లీటరుకు 10 మిల్లీగ్రాములు, అంటే 90 మైక్రోమోలార్ హిస్టమీన్ ఉంటుంది. దీంట్లోంచి 10 మైక్రోలీటర్లు తీసి, 100 మిల్లీమోలార్ బోరేట్ (పీహెచ్ 9.5) 890 మైక్రోలీటర్లు, ఎసిటోన్‌లో కరిగించిన 10 మిల్లీమోలార్ ఎఫ్ఐటీసీ (అమీన్లకు తగులుకుని లేజరు కింద మెరిసే రంగు) 100 మైక్రోలీటర్లు కలుపుతారు. రాత్రంతా చీకట్లో ఉంచుతారు. పొద్దున్నే బోరేట్‌తో నూరు రెట్లు పలచన చేసి ఎక్కిస్తారు.

ఎఫ్ఐటీసీ అంత ఎక్కువగా ఎందుకు అంటే, చేప ద్రవంలో ఈ రంగు తగులుకునే అమీన్ గుంపు (నైట్రోజన్ ఉన్న భాగం) ఉన్నది హిస్టమీన్ ఒక్కటే కాదు. ఎర్ర కండ చేపల్లో విడి హిస్టిడిన్ కిలోకు గ్రాముల లెక్కన ఉంటుంది. కిలోకు 5 గ్రాములనుకున్నా రియాక్షన్‌లో అది 32 మైక్రోమోలార్. హద్దు దగ్గరున్న హిస్టమీన్ 0.9 మైక్రోమోలార్ మాత్రమే. రంగు తక్కువ పోస్తే అంతా హిస్టిడినే తినేస్తుంది.

క్యాపిలరీ ఫ్యూజ్డ్ సిలికా, లోపలి వ్యాసం 50 మైక్రాన్లు, పొడవు 60 సెంటీమీటర్లు, కిటికీ (పై పూత కాల్చి తీసేసి, లేజరు పడేలా చేసిన చోటు) దాకా 50. రన్నింగ్ బఫర్ కూడా బోరేటే, పీహెచ్ 9.3, 20 కిలోవోల్టులు. ఇంజెక్షన్ అర పీఎస్‌ఐ, 5 సెకన్లు. లెక్క కడితే లోపలికి వెళ్ళేది సుమారు 5 నానోలీటర్లు, గొట్టంలో రెండున్నర మిల్లీమీటర్ల పొడవు. 488 నానోమీటర్ల నీలి లేజరు, 520 దగ్గర బ్యాండ్‌పాస్ ఫిల్టరు, దాని వెనక ఫొటోమల్టిప్లయర్ (సన్నటి వెలుగును విద్యుత్ సిగ్నల్‌గా పెంచి చూపే గొట్టం). ఎఫ్ఐటీసీ 494 దగ్గర వెలుగు తీసుకుని 519 దగ్గర ఇస్తుంది కాబట్టి ఈ జత సరిగ్గా కుదురుతుంది. 488తో కొట్టినప్పుడు నీటి రామన్ వెలుగు (నీరు తనంతట తానే రంగు మార్చి చెదరగొట్టే వెలుగు) 585 దగ్గర పడుతుంది. ఫిల్టరు ఇరుగ్గా ఉంటే అది లోపలికి రాదు. ఎవరైనా ఎక్కువ వెలుగు కోసం 505 పైనంతా వదిలే లాంగ్‌పాస్ ఫిల్టరు పెడితే మాత్రం నీళ్ళే మెరుస్తాయి.

రంగు తగులుకున్న హిస్టమీన్ డిటెక్టరు ముందుకు ఏడో నిమిషం దగ్గర వస్తుంది, తెర మీద అది ఒక శిఖరంలా (పీక్) కనబడుతుంది. హిస్టిడిన్‌కు కార్బాక్సిల్ వల్ల ఒక రుణావేశం ఎక్కువ, వోల్టేజి దాన్ని ఎక్కువగా వెనక్కి లాగుతుంది, అందుకే బాగా వెనక వస్తుంది.

ముందు జరిగిన పొరపాటు

అంకెలు పెరగడానికి ముందే, మార్చి నెలాఖరు నుంచి బేస్‌లైన్ (పీకుల మధ్య ఉండే అడుగు గీత) మందంగా, గరుకుగా మారింది. స్టాండర్డ్ (తెలిసిన మోతాదు) పీక్ కూడా కుంగింది. దానికి విరుగుడుగా ఫొటోమల్టిప్లయర్ వోల్టేజి పెంచారు. చాలక లేజరు పవర్ కూడా రెట్టింపు చేశారు. చూడ్డానికి పీక్ మళ్ళీ పెద్దదైంది.

చాలా చోట్ల ఇదే చేస్తారు, ఇక్కడే దారి తప్పుతారు. ఫొటోమల్టిప్లయర్ వోల్టేజి పెంచితే పీకూ పెరుగుతుంది, దాని కింద వెలుగూ పెరుగుతుంది, గరుకూ పెరుగుతుంది. వాటి నిష్పత్తి మారదు. లేజరు పవర్ రెట్టింపు చేస్తే సిగ్నల్ రెండింతలు, బ్యాక్‌గ్రౌండ్ రెండింతలు. నాయిస్ ఫోటాన్ల లెక్క వల్ల వచ్చేదే అయితే 1.4 రెట్లు పెరుగుతుంది, అంటే కాగితం మీద లాభం 1.4 రెట్లే. లేజరు మినుకు వల్ల వచ్చే నాయిస్ అయితే ఆ లాభం కూడా లేదు. పైగా కిరణం దాటే లోపే ఎఫ్ఐటీసీ కొంత కాలిపోతుంది.

ఈ విద్య మొదటి నుంచీ బ్యాక్‌గ్రౌండ్‌ను దించడం మీదే నడిచింది. క్యాపిలరీలో లేజర్ ఫ్లోరెసెన్స్‌ను 1985లో అమెరికా రసాయన శాస్త్రవేత్త రిచర్డ్ జేర్ బృందం చూపించింది. 1988లో చెంగ్, డొవిచి అనే శాస్త్రవేత్తలు ఇదే ఎఫ్ఐటీసీని అమైనో ఆమ్లాలకు తగిలించి, అటోమోల్ (మోల్‌లో పది లక్షల కోట్ల కోట్ల వంతు... అంటే సుమారు ఆరు లక్షల అణువులు) కంటే తక్కువ మోతాదును పట్టారు. వాళ్ళు లేజరును పెద్దది చేసి గెలవలేదు. క్యాపిలరీ కొసలోంచి ద్రవాన్ని ఒక క్యూవెట్‌లోని ప్రవాహంలోకి వదిలి, కిరణం గొట్టం గోడను తాకకుండా చేశారు. గోడ నుంచి చెదిరే వెలుగు తప్పిపోయింది. గోడ మీదే కిరణం వేసే మామూలు యంత్రంలో ఆ సదుపాయం లేదు. అందుకే దాని కిటికీ, లెన్సు ఎంత శుభ్రంగా ఉంటే అంత సున్నితం.

విడదీసి చూడడం

వోల్టేజి, పవర్ రెండూ పాత విలువలకు దించాకే పరిశీలన మొదలైంది. ఆప్టిక్స్ తప్పా, కెమిస్ట్రీ తప్పా అనేది ముందు తేలాలి. దానికి ఎఫ్ఐటీసీ, చేప, రియాక్షన్ ఏవీ లేని పరీక్షలు కావాలి.

మొదట షట్టరు మూసి ఐదు నిమిషాలు రికార్డు చేశారు. చీకటి సిగ్నల్ పాత రికార్డుతో సమానం. అంటే ఫొటోమల్టిప్లయర్ బాగానే ఉంది, బయటి వెలుగు దూరడం లేదు. తర్వాత షట్టరు తెరిచి, క్యాపిలరీలో నీళ్ళు మాత్రమే నింపి, వోల్టేజి లేకుండా చూశారు. బ్యాక్‌గ్రౌండ్ యంత్రం బిగించిన రోజు కంటే దాదాపు మూడు రెట్లు. నీళ్ళ బదులు బఫర్ నింపినా అంతే. కాబట్టి మెరుస్తున్నది ద్రవం కాదు, దారిలో ఉన్న మరేదో.

మూడోది ఫ్లోరెసీన్, ఎఫ్ఐటీసీకి మూలమైన మెరిసే రంగు. సోడియం ఫ్లోరెసీన్ 3.76 మిల్లీగ్రాములు 100 మిల్లీలీటర్ల బోరేట్‌లో కరిగిస్తే 100 మైక్రోమోలార్. దాన్ని నూరు రెట్లు, మళ్ళీ నూరు రెట్లు, ఆపైన పది రెట్లు పలచన చేస్తే 1 నానోమోలార్. పలచనివి ఏ రోజుకారోజు చేసుకోవాలి, నానోమోలార్ స్థాయిలో సీసా గోడే దాన్ని తాగేస్తుంది. పీహెచ్ 9 పైన ఉండాలి, 7 కిందికి దిగితే ఫ్లోరెసీన్ మసకబారుతుంది. ఇందులో 5 నానోలీటర్లు ఎక్కిస్తే డిటెక్టరు ముందు నుంచి వెళ్ళేవి సుమారు 30 లక్షల అణువులు. మంచి యంత్రంలో ఈ పీక్ స్పష్టంగా నిలబడాలి. ఇక్కడ అది గరుకులో మునిగి కనబడింది.

అంటే ఆప్టిక్స్ తప్పు ఖాయం. హిస్టమీన్ పొరపాటు కూడా దాంట్లోంచే వచ్చిందా అనేది ఇంకా తేలలేదు.

లెన్సు మీద ఉంగరాలు

లేజరు ఆపి, తాళం తీసి, క్యాపిలరీ కార్ట్రిడ్జి (క్యాపిలరీని పట్టి ఉంచే పెట్టె) బయటకు తీశారు. 488 నీలి కిరణం కంటికి ప్రమాదం. మూత తీసి ఉండగా ఇంటర్‌లాక్ (మూత తెరిస్తే లేజరును ఆపే ఏర్పాటు) దాటించి చూడాలని ఎవరూ అనుకోవద్దు.

లెన్సు మీద టార్చి పక్క నుంచి వాలుగా వేస్తే మచ్చలు కనబడ్డాయి. నేరుగా వేస్తే కనబడవు. ఒక్కో మచ్చ ఉంగరంలో ఉంగరంలా ఉంది, అంచు తెల్లగా, మధ్యలో గాజు శుభ్రంగా. నీటి చుక్క ఆరి, అందులోని దుమ్మూ ఉప్పూ అంచుకు చేరితే పడే గుర్తు అది. ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, అంటే చుక్క ఒకసారి కాదు, పదే పదే వచ్చింది. క్యాపిలరీ కిటికీని పది రెట్లు పెద్దగా చూపే లూప్‌తో చూస్తే ఎడమ అంచున గోధుమ రంగు పొర సన్నగా మిగిలి ఉంది. కిటికీ చేసినప్పుడు పాలిఇమైడ్ పూర్తిగా కాలలేదు. పాలిఇమైడ్ నీలి కాంతిలో తనే మెరుస్తుంది.

నీటి చుక్క ఎక్కడిది? కారుతున్న బఫర్ అనుకున్నారు గానీ, గొట్టాల అతుకులు పొడిగానే ఉన్నాయి. జవాబు కరెంటు కోతల రిజిస్టరులో దొరికింది. యంత్రం యూపీఎస్ మీద ఉంది, ఏసీ లేదు. కార్ట్రిడ్జి చుట్టూ తిరిగే కూలెంట్ 20 డిగ్రీలు. ఏసీ నడుస్తుంటే గది 25 డిగ్రీలు, తేమ 60 శాతం. అప్పుడు గాలిలోని తేమ నీరుగా దిగేది 17 డిగ్రీల దగ్గర, కాబట్టి భయం లేదు. కరెంటు పోయి ఏసీ ఆగి, తలుపులు తీస్తే బయటి గాలి లోపలికి వస్తుంది. 32 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న గాలికి ఆ హద్దు 27 డిగ్రీలు. 20 డిగ్రీల లోహం, దాని పక్కన గాజు. కుండ బయట చెమ్మ పట్టినట్టే పట్టింది. యూపీఎస్ యంత్రాన్ని కాపాడుతోందని అందరూ అనుకున్నారు. నిజానికి కరెంటు లేని ప్రతి గంటా కూలెంట్‌ను చల్లగా ఉంచి లెన్సును తడిపింది అదే.

ఈ చెమ్మ ఎలక్ట్రోడ్ల దగ్గర పడితే ఇంకా ప్రమాదం. 20 కిలోవోల్టులు తడి దారి వెతుక్కుంటాయి, కరెంటు రీడింగు ఉలిక్కిపడినట్టు ఎగురుతుంది. తెర మీద అలా ఎగరడం కనబడితే గొట్టంలో గాలి బుడగ అని తేల్చేసే ముందు గదిలో తేమ చూడాలి.

లెన్సును మెథనాల్ తడిపిన లెన్స్ పేపరుతో, ఒకే వైపు, ఒక్కో కాగితం ఒక్కసారే వాడి తుడిచారు. కొత్త క్యాపిలరీ కోసి, 4 మిల్లీమీటర్ల కిటికీ మళ్ళీ కాల్చారు. కాల్చాక మసిని మెథనాల్‌తో రెండు వైపులా తుడవాలి, వేలు తగలకూడదు. కార్ట్రిడ్జి ఉష్ణోగ్రత 30 డిగ్రీలకు పెంచారు. నీటి చిక్కదనం డిగ్రీకి సుమారు 2 శాతం తగ్గుతుంది కాబట్టి పీకులన్నీ ముందుకు జరిగాయి. ఆ మేరకు కాలిబ్రేషన్ కొత్తగా చేసుకోవాలి. బ్యాక్‌గ్రౌండ్ పాత స్థాయికి దిగింది. 1 నానోమోలార్ ఫ్లోరెసీన్ నిటారుగా నిలబడింది.

కనగర్త ఎక్కించారు. హిస్టమీన్ అంకె అలాగే ఉంది.

నీళ్ళలో ఉన్నది

ఇక మిగిలింది బ్లాంక్. చేప లేకుండా, ఆసిడ్, బోరేట్, నీళ్ళు, ఎఫ్ఐటీసీ మాత్రమే కలిపి రాత్రంతా ఉంచి ఎక్కించారు. ఏడో నిమిషం తర్వాత కాస్త వెనకగా, దిట్టమైన పీక్. ఇన్నాళ్ళూ బ్లాంక్ నడపలేదా అంటే నడిపారు, కానీ రంగు కలపని బ్లాంక్. అందులో ఏమీ కనబడదు. డిటెక్టరుకు కనబడేది రంగు తగులుకున్నదే కాబట్టి, రంగు కలపని బ్లాంక్ ఏమీ చెప్పదు.

పీక్ దేనిదో తేల్చడానికి రెండు పనులు చేశారు. హెచ్‌పీఎల్‌సీ కోసం కొన్న సీసా నీళ్ళతో ఆసిడ్, బోరేట్ రెండూ కొత్తగా చేసి బ్లాంక్ పెడితే పీక్ కుప్పకూలింది. ఆ బ్లాంక్‌లోనే 5 మైక్రోమోలార్ అమ్మోనియం క్లోరైడ్ కలిపితే పీక్ అదే చోట తిరిగి లేచింది. అమ్మోనియా. ఎఫ్ఐటీసీ ప్రైమరీ, సెకండరీ అమీన్లకు తగులుకున్నట్టే అమ్మోనియాకూ తగులుకుంటుంది, కాకపోతే అంత చురుగ్గా కాదు. చేప వాసన వేసే ట్రైమిథైల్ అమీన్ టెర్షియరీ (నైట్రోజన్ మీద హైడ్రోజన్ మిగలని అమీన్) కాబట్టి ఈ లెక్కలో లేదు, దాన్ని అనుమానించి గది గాలిని నిందించే పని లేదు.

అమ్మోనియా ఎలా వచ్చిందనేది ఈ నేలకే చెందిన సంగతి. వేసవిలో మరమ్మతుల కోసం డెల్టా కాలువలు కట్టేస్తారు. ధవళేశ్వరం నుంచి శివారుకు నీళ్ళు రావు. మిగతా నెలల్లో కాలువ నీళ్ళతో నడిచే పరీక్షశాల ఏప్రిల్‌లో బోరుకు మారింది. చుట్టూ రొయ్యల చెరువులు. బోరు నీళ్ళు ఉప్పన, అందులో అమ్మోనియా ఉంది, పీహెచ్ 8.2. ఆ పీహెచ్ దగ్గర మొత్తంలో పదోవంతు దాకా ఆవేశం లేని వాయు రూపంలో ఉంటుంది. ఆర్‌ఓ పొర అమ్మోనియం అయాన్‌ను ఆపుతుంది గానీ ఆ వాయువును ఆపలేదు. తర్వాత ఉన్న మిక్స్‌డ్ బెడ్ రెసిన్ (నీటిలోని అయాన్లను పట్టుకునే గుళికలు) దాన్ని పట్టాలి. ఉప్పు నీళ్ళ భారంతో ఆ రెసిన్ వేసవి మధ్యకు రాకముందే నిండిపోయింది.

డీఐ (నీటిలోంచి అయాన్లు తీసేసే) ప్లాంటు మీద దీపం మాత్రం పచ్చగానే వెలుగుతోంది. హెచ్చరిక హద్దు సెంటీమీటరుకు 1 మైక్రోసీమెన్స్ దగ్గర పెట్టి ఉంది. లీటరుకు 0.1 మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్ అంటే 7 మైక్రోమోలార్. అది బైకార్బొనేట్‌తో కలిసి ఇచ్చే వాహకత 0.84 మాత్రమే. హద్దు లోపలే. కానీ రియాక్షన్‌లో హద్దు దగ్గరి హిస్టమీన్ 0.9 మైక్రోమోలార్ అని పైన చూశాం. దానికి దాదాపు ఏడు రెట్ల అమ్మోనియా పచ్చ దీపం కింద నుంచే నడిచి వచ్చింది. అసలైన శుద్ధజలం 0.055 దగ్గర ఉంటుంది. ఫ్లోరెసెన్స్ పనికి హద్దు 0.1 పెట్టుకోవాలి. మామూలు టైట్రేషన్లకు సరిపోయిన నీళ్ళు ఈ డిటెక్టరుకు సరిపోవు.

కొత్త రెసిన్ వేశాక పీక్ బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. రెండు రోజులు కారణం దొరకలేదు. మిగిలినది ట్రైక్లోరోఎసిటిక్ ఆసిడ్ సీసాలో ఉంది. ఆ 5 శాతం ద్రావణం పాత నీళ్ళతో చేసినది. సీసా నీళ్ళ పరీక్షప్పుడు కొత్తది చేసి, పని అయ్యాక అలవాటు కొద్దీ పాత సీసాకే తిరిగి వెళ్ళారు. ఆసిడ్ అమ్మోనియాను వాయువుగా పోనివ్వదు, అమ్మోనియంగా పట్టి ఉంచుతుంది. మూత వదులుగా ఉంటే గాలిలోది కూడా లాక్కుంటుంది. నీళ్ళు మార్చినప్పుడు ఆ నీళ్ళతో చేసిన ప్రతి సీసా పారబోయాలి. ముందుగా పారబోయాల్సింది ఆసిడ్.

పేరు తప్పు పడడం

అమ్మోనియా పీక్ హిస్టమీన్ వెనక వస్తుంటే సాఫ్ట్‌వేరు దాన్ని హిస్టమీన్ అని ఎలా చదివింది? ఎఫ్ఐటీసీ తగులుకున్నాక రెండింటి ఆవేశం ఒకటే. హిస్టమీన్‌ది పెద్ద అణువు కాబట్టి వెనక్కి లాగే వేగం కాస్త తక్కువ, అందుకే ముందు వస్తుంది. ఎడం కొన్ని సెకన్లే. ఒక్క డిగ్రీ తేడాకు ఏడు నిమిషాల పీక్ 8 సెకన్లు జరుగుతుంది. ఏసీ ఆగి, వచ్చి, ఆగుతున్న రోజుల్లో గుర్తింపు కిటికీని (పీక్‌కు పేరు పెట్టడానికి సాఫ్ట్‌వేరు ఒప్పుకునే సమయ పరిధిని) వెడల్పు చేసి పెట్టారు. తాజా చేపలో హిస్టమీన్ లేనందున ఆ కిటికీలో పడ్డ ఒకే ఒక్క పీక్ అమ్మోనియా. దానికి హిస్టమీన్ పేరు పడింది. పాడైన చేప అయితే రెండు పీకులు వచ్చి ఎవరికైనా అనుమానం కలిగేది. శుభ్రమైన చేప దగ్గరే తప్పు జరగడానికి కారణం ఇదే.

ఇప్పుడు పీక్ వచ్చిన సమయం ఒక్కదాని మీదే గుర్తించడం మానేశారు. నీటితో కలిసి విరిగిన ఎఫ్ఐటీసీ పీక్ ప్రతి రన్‌లోనూ తప్పకుండా ఉంటుంది. దానితో నిష్పత్తి కట్టి గుర్తిస్తున్నారు. ఉష్ణోగ్రత మారితే రెండూ దాదాపు ఒకే వాటాలో జరుగుతాయి. 50 దాటిన ప్రతి శాంపిల్‌కూ హిస్టమీన్ కొంచెం కలిపి మళ్ళీ ఎక్కిస్తారు. అదే పీక్ పక్కన ఉబ్బు లేకుండా పెరిగితే హిస్టమీన్, పక్కన రెండోది లేస్తే కాదు.

రోజూ పొద్దున్న క్రమం కూడా మారింది. షట్టరు మూసి ఒక రీడింగు, నీళ్ళతో ఒక రీడింగు, 1 నానోమోలార్ ఫ్లోరెసీన్ ఒక రన్, రంగు కలిపిన బ్లాంక్ ఒక రన్. అరగంట పని. నాలుగూ ఒకే పుస్తకంలో రాస్తారు, వోల్టేజి, పవర్ విలువలతో సహా, వాటిని ఎవరూ చెప్పకుండా మార్చకూడదు. కరెంటు పోతే కూలెంట్ పంపు కూడా ఆగేలా వైరింగు మార్చారు. కరెంటు వచ్చాక ఏసీ గదిని ఆరబెట్టే దాకా హై వోల్టేజి వేయరు. ఫ్రీజరులోంచి తీసిన ఎఫ్ఐటీసీ సీసాను గది వేడికి వచ్చాకే తెరుస్తారు. చల్లటి సీసా తెరిస్తే అదే చెమ్మ పొడి మీద దిగుతుంది, రంగు వాడకముందే కొంత విరిగిపోతుంది.

జూన్‌లో కాలువకు నీళ్ళు వదిలాక పరీక్షశాల మళ్ళీ కాలువ నీళ్ళకు మారింది. మారిన రోజే డీఐ ప్లాంటు పాత రెసిన్ కార్ట్రిడ్జి ఒకటి పక్కన పెట్టి, బోరు నీళ్ళు, కాలువ నీళ్ళు రెండింటినీ దాని గుండా పంపి బ్లాంక్‌లు నడిపారు. కాలువ నీళ్ళ బ్లాంక్‌లో అమ్మోనియా పీక్ చిన్నదే, కానీ ఉంది. రెసిన్ మార్చే తేదీని అప్పటి నుంచి క్యాలెండరు బట్టి కాక, ఆ పీక్ ఎత్తును బట్టి నిర్ణయిస్తున్నారు.